ప్లేటో నిషేధించిన వేషం, సిద్ధేంద్రుడు విధించిన వేషం

క్రీ.పూ. 4వ శతాబ్దపు ఏథెన్స్ తత్త్వవేత్త ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథం మూడవ భాగంలో, ఆదర్శ రాజ్యాన్ని కాపాడవలసిన యువకులు ఏ ఏ పాత్రలను అనుకరించకూడదో వివరంగా నిర్ణయించాడు. వారు పురుషులు, సత్పురుషులుగా ఎదగవలసినవారు కనుక స్త్రీని అనుకరించరాదన్నాడు. భర్తతో కలహించే స్త్రీని, తన సౌభాగ్యానికి తానే మురిసి దేవతలతో పోటీపడుతూ గొప్పలు చెప్పుకునే స్త్రీని, కష్టం వచ్చి విలపించే స్త్రీని అనుకరించరాదన్నాడు. రోగపీడితురాలినీ, ప్రేమలో పడినదాన్నీ, ప్రసవవేదన అనుభవిస్తున్నదాన్నీ అనుకరించడం అయితే అసలే తగదన్నాడు. ఈ నిషేధం వెనుక ఉన్నది కేవలం మర్యాద గురించిన పట్టింపు అనుకోవడానికి వీల్లేదు. చిన్ననాటి నుంచి చేస్తూ వచ్చిన అనుకరణ శరీరంలోకీ గొంతులోకీ ఆలోచనలోకీ ఇంకి అలవాటుగా మారుతుందనీ, అలవాటు చివరికి స్వభావమై కూర్చుంటుందనీ ఆయన గట్టిగా నమ్మాడు. మనిషి ఏ వేషం కడితే లోపల అదే అవుతాడన్నది ఆయన భయం.

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి అగ్రహారంలో ఇదే నమ్మకం సరిగ్గా వ్యతిరేక దిశలో ఆచారమైంది. సంప్రదాయం 17వ శతాబ్దానికి చెందినవాడిగా చెప్పే సిద్ధేంద్ర యోగి, శ్రీకృష్ణుని భార్య సత్యభామ కథను ‘భామాకలాపం’గా రచించి, ఊరిలోని బ్రాహ్మణ బాలురకు నేర్పి, అగ్రహారంలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టి తీరాలని మాట తీసుకున్నాడని ఆ ఊరివారు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ సత్యభామ ఎవరు? తెర వెనుక నుంచి వస్తూనే తన రూపాన్నీ వంశాన్నీ సౌభాగ్యాన్నీ తానే పొగుడుకునే స్త్రీ, భర్తతో కలహించిన స్త్రీ, విరహంతో తపించి విలపించే స్త్రీ, ప్రేమలో నిలువునా మునిగిన స్త్రీ. ప్లేటో ఏ వేషాలను ఒక్కొక్కటిగా పేర్కొని వద్దన్నాడో వాటిలో చాలాభాగాన్ని ఒకే పాత్రలో పోగుచేసి, ఆ పాత్రను ధరించడం ప్రతి పురుషుడికీ వ్రతంగా విధించిన ఊరు ప్రపంచంలో మరొకటి ఉండడం అరుదు.

ఇద్దరికీ మూలసూత్రం ఒక్కటే: వేషం మనిషిని మారుస్తుంది. అయితే ఒకరు ఆ మార్పును పతనమన్నారు, మరొకరు సాధన అన్నారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో విచారించాలంటే, ఇతిహాస కవిత్వం స్త్రీకి ఏ పాత్ర ఇచ్చింది, ఆ పాత్రకు గొంతునిచ్చిన పురుషుడు దాని నుంచి ఏమి పొందాడు, ఆ క్రమంలో నిజమైన స్త్రీ ఎక్కడ నిలబడింది అనే మూడు ప్రశ్నలను కలిపి చూడవలసి ఉంటుంది.

ప్లేటో దృష్టిలో ఉన్న కవి ప్రధానంగా హోమర్. హోమర్ పేరున నిలిచిన ‘ఇలియడ్’, ‘ఒడిస్సీ’ అనే రెండు గ్రీకు మహాకావ్యాలు యుద్ధాన్నీ వీరుడి ఇంటిదారినీ ప్రధాన వస్తువుగా తీసుకున్నా, వాటిలో స్త్రీలు ఆ వీరుల కీర్తికి అలంకారాలుగా మిగిలిపోలేదు. ఇలియడ్ మూడవ సర్గలో, ట్రాయ్ నగరంలోని హెలెన్ మగ్గం ముందు, తన కోసం రెండు సేనలు పడుతున్న పాట్లను పెద్ద వస్త్రంలో బొమ్మలుగా నేస్తూ కనిపిస్తుంది. కవి పాడుతున్న కథనే ఆమె దారంతో చెబుతున్నది. ఆరవ సర్గలో ట్రాయ్ వీరుడు హెక్టర్ భార్య ఆండ్రొమాకీ, బిడ్డను వెంటబెట్టుకుని వచ్చి, కోట ఎక్కడ బలహీనంగా ఉందో, సేనను ఎక్కడ నిలపాలో భర్తకు చెబుతుంది. హెక్టర్ ఆమెను ప్రేమతోనే సమాధానపరిచి, ఇంటికి వెళ్లి మగ్గం పని చూసుకోమనీ, యుద్ధం మగవారి వ్యవహారమనీ అంటాడు. ఒడిస్సీ మొదటి సర్గలో ఇదే మాట మరింత కటువుగా వినిపిస్తుంది: గాయకుడు పాడుతున్న పాట తన గుండెను కోస్తున్నదనీ మరొకటి పాడమనీ ఒడిస్సియస్ భార్య పెనెలోపీ కోరితే, కొడుకు టెలిమాకస్ అందరి ఎదుట ఆమెను మగ్గం దగ్గరికి వెళ్లమని, సభలో మాట్లాడడం మగవారి పని అని శాసిస్తాడు. ఆ మగ్గమే ఆమెకు ఆయుధమైందన్నది వేరే సంగతి. మామగారైన లేయర్టీస్ కోసం శవవస్త్రం నేస్తున్నానని చెప్పి, పగలు నేసినదాన్ని రాత్రి విప్పేస్తూ, తనను పెళ్లాడాలని ఇంటిలో తిష్టవేసిన వారిని ఆమె మూడేళ్లపాటు నిలువరించింది. ఇరవై ఏళ్ల తర్వాత తిరిగి వచ్చిన భర్తను కూడా, చెట్టు మొదలును కోయకుండా దానిమీదే మలచిన తమ మంచం రహస్యంతో పరీక్షించిన తర్వాతగాని అంగీకరించలేదు.

గ్రీకు ఇతిహాసంలో స్త్రీకి నిస్సందేహంగా దక్కిన మాట శోకపు మాట. హెక్టర్ శవం ముందు ఇలియడ్ ముగింపు సర్గలో ఆండ్రొమాకీ, తల్లి హెక్యుబా, హెలెన్ వరుసగా విలపిస్తారు. యుద్ధం ఎవరి ఇంటిలో ఏమి మిగిల్చిందో లెక్కచెప్పే అధికారం ఆ ముగ్గురిదే. అకిలీజ్, అగమెమ్నన్ అనే ఇద్దరు వీరుల మధ్య తగవుకు కారణమైన బందీ బ్రైసీస్ కూడా, కథంతా చేతులు మారుతూ, పందొమ్మిదవ సర్గలో అకిలీజ్ స్నేహితుడు పాట్రోక్లస్ శవం మీద పడి ఏడ్చేటప్పుడు మాత్రమే నోరు విప్పుతుంది. తన భర్తనూ ముగ్గురు సోదరులనూ ఈ యుద్ధమే చంపిందని అప్పుడే శ్రోతకు ఆమె నోట తెలుస్తుంది.

వీటన్నిటికంటే ప్లేటో నిషేధానికి దగ్గరగా వచ్చే ఘట్టం ఒడిస్సీ ఎనిమిదవ సర్గలో ఉంది. పరాయి రాజు సభలో అంధ గాయకుడు డెమోడొకస్ ట్రాయ్ పతనాన్ని పాడుతుంటే, ఆ నగరాన్ని కూల్చినవారిలో ముఖ్యుడైన ఒడిస్సియస్ వింటూ కన్నీరు కారుస్తాడు. అప్పుడు కవి అతని ఏడ్పును, ఓడిన నగరంలో చనిపోతున్న భర్త మీద పడి రోదిస్తుండగా వెనుక నుంచి శత్రువులు ఈటెలతో పొడిచి బానిసత్వానికి ఈడ్చుకుపోతున్న స్త్రీ ఏడ్పుతో పోలుస్తాడు. ఆ స్త్రీ ట్రాయ్ స్త్రీయే కావచ్చు, ఆమెను ఆ స్థితికి తెచ్చినది ఆ వింటున్నవాడే కావచ్చు. పాట అతన్ని తాను హింసించినవారి శరీరంలోకి ప్రవేశపెట్టింది. కవిత్వానికి ఉన్న ఈ శక్తిని ప్లేటో సరిగానే గుర్తించాడు. దాని విలువను కట్టడంలోనే పొరబడ్డాడు. తన శత్రువు భార్య అయి ఒక క్షణం ఏడవగలిగిన వీరుడు రాజ్యరక్షణకు పనికిరాడని ఆయన అనుకున్నాడు గాని, అటువంటి ఏడ్పు ఎరుగని వీరులు ఎంత నాశనం చేయగలరో ఏథెన్స్ చరిత్రే చూపింది. మీలోస్ ద్వీపాన్ని జయించి మగవారిని చంపి స్త్రీలనూ పిల్లలనూ బానిసలుగా అమ్మిన కొద్ది నెలలకే, క్రీ.పూ. 415లో, యూరిపిడీస్ అనే నాటకకర్త ‘ట్రాయ్ స్త్రీలు’ అనే విషాద నాటకాన్ని అదే ఏథెన్స్ పౌరుల ముందు ప్రదర్శింపజేశాడు. ఆ స్త్రీ పాత్రలన్నిటినీ ముఖానికి తొడుగులు ధరించిన పురుషులే నటించారు.

కూచిపూడి చరిత్రలోనూ దీనికి సాటివచ్చే సందర్భం ఒకటి నమోదై ఉంది. బ్రిటిష్ అధికారి మెకంజీ సేకరణల్లోని మాచుపల్లి కైఫీయతు, అంటే ఆ గ్రామపు వృత్తాంతాన్ని తెలిపే స్థానిక చరిత్ర, 16వ శతాబ్దపు తొలినాళ్ల సంగతి ఒకటి చెబుతుంది. సిద్ధవటం సీమను ఏలుతున్న సమ్మెట గురవరాజు పన్నుల కోసం స్త్రీలను క్రూరంగా హింసించడాన్ని దారిలో చూసిన కూచిపూడి భాగవతులు, అంటే ఆ ఊరి నటులు, విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట ఆ దృశ్యాన్నే వేషం కట్టి ఆడారనీ, గ్రహించిన రాయలు సేనను పంపి గురవరాజును శిక్షించాడనీ దాని సారాంశం. సిద్ధేంద్ర యోగి కంటే ముందునాటిదిగా చెప్పే ఈ వృత్తాంతంలో భాగవతుల స్త్రీ వేషం భక్తి సాధనంగా ఇంకా రూపుదిద్దుకోలేదు. అది సాక్ష్యం చెప్పింది. హింసపడిన స్త్రీలు రాజసభకు రాలేరు, వారి బాధను తన ఒంటిమీద వేసుకుని చూపగలవాడు నటుడు. ఈ సాక్షిధర్మం కూచిపూడి వారసత్వంలో మొదటి పొరగా ఉన్నదన్న సంగతికి ఇవ్వవలసినంత ప్రాధాన్యం పండితులు ఇవ్వలేదు.

ఇక సత్యభామ. వ్యాస భారతంలో ఆమె పాత్ర చిన్నది; అరణ్యపర్వంలో, ఐదుగురు భర్తల మనసునూ ఎలా గెలుచుకున్నావని ద్రౌపదిని అడిగి, వశీకరణ మందులూ మంత్రాలూ కాదు సేవే కారణమనే హితబోధ విని వెళ్లే అతిథి ఆమె. హరివంశంలోని పారిజాత వృత్తాంతం ఆమెకు అభిమానాన్ని ఇచ్చింది. తెలుగు కవులు ఆ అభిమానాన్ని ఇష్టంగా పెంచి పెద్దచేశారు. పోతన భాగవతంలో ఆమె నరకాసురుడితో తానే విల్లు పట్టి పోరాడుతూ, ఒకే సమయంలో శత్రువుకు వీరంగానూ భర్తకు శృంగారంగానూ కనిపిస్తుంది. కృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో, నారదుడు తెచ్చిన పువ్వును రుక్మిణికి ఇచ్చిన కృష్ణుడు కాళ్లమీద పడి బతిమాలుకుంటే ఎడమ కాలితో అతని తలను తన్నుతుంది. దేవుడి తలను భార్య కాలు తాకిన ఈ ఘట్టాన్ని తెలుగు పాఠకలోకం అపచారంగా తోసిపుచ్చకుండా ముద్దుగా దాచుకుంది. ఇతిహాసం వదిలివేసిన ఖాళీలో ఒక స్త్రీ పాత్ర తరతరాలుగా ఇంతగా ఎదగడం, గ్రీకు సంప్రదాయంలో ఇలియడ్‌లోని బ్రైసీస్ కొన్ని శతాబ్దాల తర్వాత రోమన్ కవి ఓవిడ్ కల్పించిన నాయికల ఉత్తరాల్లో అకిలీజ్‌కు స్వయంగా లేఖ రాసే స్థాయికి ఎదగడంతో పోల్చదగినది. భామాకలాపంలో సత్యభామ కృష్ణుడికి రాసే లేఖ కూడా ఆ ప్రదర్శన అంతటికీ గుండెకాయ వంటి ఘట్టమే కావడం గమనించదగిన సంగతి.

కలాపం అంటే ఒకటి రెండు పాత్రల చుట్టూ, పాటా మాటా ఆటా కలగలిపి, ఒక మనఃస్థితిని విస్తరించి చూపే ప్రదర్శన. యక్షగానం వలె అనేక పాత్రలతో కథను నడపడం దాని లక్ష్యం కాదు. భామాకలాపంలో ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర మీదుగా ముందు సత్యభామ జడ ప్రేక్షకుల వైపుకు వచ్చి పడుతుంది. పాము పడగ, సూర్యచంద్రుల బిళ్లలు, నక్షత్రాలకు గుర్తుగా చెప్పే రాళ్లు పొదిగిన ఆ జడ బ్రహ్మాండానికి సంకేతమని పెద్దలు వ్యాఖ్యానిస్తారు. అది విద్యలో తనను మించినవారు ఉంటే రావచ్చునన్న సవాలు కూడా. తర్వాత ప్రవేశ దరువు, అంటే పాత్ర తనను తాను పరిచయం చేసుకుంటూ ఆడే పాట. తర్వాత సూత్రధారుడే చెలికత్తె మాధవిగా మారి, భర్త పేరు చెప్పమని అడిగితే, పేరు నోటితో పలకడానికి సిగ్గుపడే సత్యభామ గుర్తులతో, చమత్కారాలతో దాటవేస్తుంది. లేఖను అందజేయడానికి మాధవి కూలిగా ముక్కెర అడుగుతుంది. ఎన్ని నగలనైనా ఇవ్వగల సత్యభామ సౌభాగ్యచిహ్నమైన దాని దగ్గర తడబడుతుంది. ఈ సంభాషణ అంతటిలో నటుడు ఆడడమే కాక స్వయంగా పాడాలి, వచనం పలకాలి, ఎదుటివారి మాటకు అప్పటికప్పుడు మాటను అతికించాలి. నాట్యశాస్త్రం చెప్పే నాలుగు అభినయాల్లో శరీరానికి చెందిన ఆంగికం, మాటకు చెందిన వాచికం, వేషభూషలకు చెందిన ఆహార్యం, లోపలి భావం కన్నీరుగానో గగుర్పాటుగానో పైకి పొంగే సాత్త్వికం, నాలుగూ ఒకే మనిషిలో కలిసి పనిచేయవలసిన పాత్ర ఇది.

సంప్రదాయ వ్యాఖ్యానం ఈ కథను వేదాంతపరంగా చదువుతుంది. సత్యభామ జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ, ఆమె అహంకారం ఆ ఇద్దరి మధ్య అడ్డుతెర, విరహం ఆ అహంకారాన్ని కరిగించే అగ్ని, కలయిక మోక్షం. దేవుణ్ణి ప్రియుడిగా భావించి, ప్రేమించే జీవులందరినీ స్త్రీలుగా చూసే ఈ మార్గాన్ని మధురభక్తి అంటారు. తమిళ ఆళ్వారుల్లో నమ్మాళ్వారు నాయికగా మారి పరాంకుశనాయకి పేరున పాడాడు. తాళ్లపాక అన్నమాచార్యుడు వేంకటేశ్వరుని మీద శృంగార సంకీర్తనలను అలమేలుమంగ, ఆమె చెలుల గొంతుతో పాడాడు. కూచిపూడికి కూతవేటు దూరంలోని మువ్వ (మొవ్వ) గ్రామపు గోపాలస్వామిని ముద్రగా నిలుపుకుని 17వ శతాబ్దంలో పదాలు రచించిన క్షేత్రయ్య, ఎన్ని రకాల నాయికలుంటారో అన్ని రకాల గొంతులతోనూ పాడాడు. కృష్ణా డెల్టాలోని ఈ చిన్న పరిధిలోనే ఒక శతాబ్దంలో పదకవిత్వమూ కలాపమూ రెండూ స్త్రీ గొంతును భక్తికి అత్యున్నత వాహికగా ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. ఈ దృష్టిలో సిద్ధేంద్రుడి నియమానికి అర్థం స్పష్టమవుతుంది: అగ్రహారంలో పుట్టి, వేదం చదివి, పురుషుడిగా బ్రాహ్మణుడిగా రెండు విధాలా అధికుడినని అనుకునే వాడు, ఒక్క రాత్రయినా ఆ రెండు ఆధిక్యాలనూ వదిలి, ఎదురుచూసేదానిగా, వేడుకునేదానిగా నిలబడాలి.

ఈ వ్యాఖ్యానంలో గొప్పతనం ఉంది, లోపమూ ఉంది. సత్యభామ గర్వాన్ని కేవలం తొలగించవలసిన దోషంగా చూస్తే కలాపంలో ఆస్వాద్యమైనదంతా దోషమే అవుతుంది. ప్రేక్షకులు రాత్రంతా కూర్చున్నది ఆమె ఎప్పుడు లొంగుతుందో చూడడానికి కాదు; ఆమె ఎలా నడుస్తుందో, ఎలా అలుగుతుందో, మాధవి ప్రశ్నకు ఎలా బదులిస్తుందో చూడడానికి. కృష్ణుడు వచ్చేది చాలా ఆలస్యంగా, కథ ముగియబోతుండగా. దేవుడు దాదాపు లేని రంగస్థలం మీద ఒక స్త్రీ తన కోరికనూ కోపాన్నీ తన మాటల్లోనే చెప్పుకునే అవకాశం భారతీయ నాటక సంప్రదాయాల్లో అంత సులభంగా దొరకదు. ఆమెను జీవాత్మ అనే ఒక్క మాటలో ఇమిడ్చి చూపే వ్యాఖ్య, పాత్రకు గౌరవం ఇస్తూనే ఆమె స్త్రీత్వాన్ని ఒక సంకేతంగా మార్చి పక్కకు నెడుతుంది.

వేషం మనిషిని మారుస్తుందన్న మూలసూత్రాన్నే ప్రశ్నించిన మూడవ పక్షం ఒకటి భారతీయ చింతనలో ఉంది. నటుడు రాముణ్ణో సీతనో అనుకరిస్తాడన్న వాదాన్ని కాశ్మీర తత్త్వవేత్త అభినవగుప్తుడు, 10, 11 శతాబ్దాల నడుమ నాట్యశాస్త్రానికి రాసిన వ్యాఖ్యలో, కాదన్నాడు. రంగం మీది శోకం నటుడిదీ కాదు, పాత్రదీ కాదు, చూసేవాడిదీ కాదు. అది నాది, నీది, పరాయిది అనే హద్దులు తొలగి అందరిదీ అవుతుంది. దీనినే సాధారణీకరణం అంటారు. ఈ సిద్ధాంతం ప్రకారం స్త్రీ వేషం కట్టిన పురుషుడు స్త్రీ అయిపోతాడన్న ప్లేటో భయానికీ ఆధారం లేదు, ఆ వేషం కట్టినంతనే భక్తుడవుతాడన్న ఆశకూ పూర్తి ఆధారం లేదు. రసానుభవంలో స్త్రీపురుష భేదమే కాసేపు తెరమరుగవుతుంది. కూచిపూడి ఆచారాన్ని సమర్థించడానికి జీవాత్మ పరమాత్మల రూపకం కంటే ఈ వాదమే బలమైన పునాది. ఎందుకంటే రూపకం పురుషుణ్ణి స్త్రీ కమ్మంటుందే గాని స్త్రీకి ఏ చోటూ చూపదు. సాధారణీకరణం ఆ పాత్రను ఎవరైనా ధరించవచ్చునని ఒప్పుకుంటుంది.

నాట్యశాస్త్రం కూడా ఈ విషయంలో రెండు మాటలూ చెప్పింది. పురుషుడు స్త్రీ పాత్రను ధరించే పద్ధతిని అది ప్రత్యేక విభాగంగా గుర్తించింది. అయితే మొదటి అధ్యాయంలోనే, సుకుమారమైన, శృంగారప్రధానమైన ప్రదర్శనా రీతి అయిన కైశికీ వృత్తిని స్త్రీలు లేకుండా పురుషులు మాత్రమే నిర్వహించలేరని భరతుడు విన్నవించగా, బ్రహ్మ తన మనసు నుంచి అప్సరసలను సృష్టించి ఇచ్చాడని చెప్పింది. శాస్త్రం అసాధ్యమన్నదాన్ని కూచిపూడి పురుషులు సాధించి చూపారు. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) దశాబ్దాలపాటు సత్యభామగా, ఉషగా, మోహినిగా చూపిన నటనకు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, పద్మశ్రీ వచ్చాయి. తెలుగు పద్యనాటక రంగంలో ‘శ్రీకృష్ణ తులాభారం’ సత్యభామగా స్థానం నరసింహారావు (1902-1971) పేరు పొందారు; 1956లో ఆయనకు పద్మశ్రీ లభించింది. తంజావూరు దగ్గర మెలట్టూరులో నేటికీ తెలుగులోనే ఆడే భాగవతమేళ నాటకాల్లో కూడా స్త్రీ పాత్రలు పురుషులవే. ఇంతటి నటులు తమ శరీరాన్ని దాచుకోవడంలో కాదు, ఒక మనసును వెలికి తీయడంలో దశాబ్దాలు గడిపారు. ఆ తపస్సును పాతకాలపు వింతగా చూడడం అజ్ఞానం.

అయినా ఆ తపస్సు ఉన్న ఇళ్లలోనే ఆడపిల్లలు చాలాకాలం గజ్జె కట్టలేదు. దేవుడి ముందు జీవులందరూ స్త్రీలే అన్న ఊరిలో, స్త్రీకి ఆ స్త్రీ పాత్ర దక్కలేదు. కారణాల్లో మేళాలు, అంటే నటబృందాలు, నెలల తరబడి ఊరూరా తిరగడం ఒకటి. అంతకంటే బలమైనది, రంగం మీద ఆడే స్త్రీ అనగానే సమాజానికి కళావంతుల స్త్రీలు, అంటే ఆలయాలకూ ఆస్థానాలకూ అంకితమైన వంశపారంపర్య నర్తకీమణులు, గుర్తుకు రావడం. నిజానికి భామాకలాపాన్నీ, మరో కలాపమైన గొల్లకలాపాన్నీ గోదావరి జిల్లాల కళావంతుల కుటుంబాల స్త్రీలు తమ పద్ధతిలో ఆడుతూనే వచ్చారు. సత్యభామ పాత్రను స్త్రీలు మొదటిసారి ధరించినది 20వ శతాబ్దంలోనని చెప్పే చరిత్రలు వారిని లెక్కలోంచి తీసివేసినవి. సంఘసంస్కరణ ఉద్యమమూ, 1947లో వచ్చిన మద్రాసు దేవదాసీ చట్టమూ దోపిడీని అరికట్టాలనే సదుద్దేశంతో వచ్చినవే. కాని వాటి ఫలితంగా ఆ స్త్రీల విద్య కూడా వెలివేతకు గురైంది. కవిత్వంలోనూ ఇదే న్యాయం నడిచింది. రాధ గొంతుతో పురుషుడు పాడితే భక్తి అయింది. తంజావూరు ఆస్థానంలో 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’లో అదే రాధ కోరికను రాస్తే, 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దానిని పరిష్కరించి అచ్చువేసిన తర్వాత ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. స్త్రీ గొంతు పవిత్రమని నమ్మిన సంస్కృతి, ఆ గొంతు స్త్రీ నుంచే వచ్చినప్పుడు దాన్ని భరించలేకపోవడం, ఈ చర్చలో తప్పించుకోలేని సత్యం.

20వ శతాబ్దంలో మార్పు వచ్చింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు ఈ విద్య నేర్పిన తొలితరం గురువుల్లో ముఖ్యుడు. ఆయన శిష్యపరంపరకు చెందిన వెంపటి చినసత్యం (1929-2012) 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, ‘శ్రీకృష్ణ పారిజాతం’, ‘క్షీరసాగర మథనం’, ‘పద్మావతీ శ్రీనివాసం’ వంటి నృత్యనాటకాలతో స్త్రీలను రంగస్థలం నడుమ నిలిపారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు (1956-2020) సత్యభామగా ఒక తరానికి ప్రమాణమయ్యారు. అగ్రహారపు నియమాన్ని దాటి, కులంతో ఊరితో సంబంధం లేని వేలాది ఆడపిల్లలు దేశవిదేశాల్లో ఈ నాట్యం నేర్చుకుంటున్నారంటే, ఆ కృషి సాధారణమైనది కాదు.

అయితే ఆ విజయంలో ఒక నష్టం దాగి ఉంది. పాత మేళంలో సత్యభామ వేషధారి తానే పాడి, తానే మాట్లాడేవాడు. కొత్త నృత్యనాటకంలో పాటా మాటా ఎక్కువగా రంగస్థలం పక్కన కూర్చున్న గాయకుల వశమయ్యాయి, కొన్నిచోట్ల ముందే రికార్డు చేసిన ధ్వనికి మారాయి. నర్తకి పెదవి కదుపుతుంది, కన్నుతో చేతితో చెబుతుంది. పెద్ద వేదికలూ మైకులూ విస్తృత బృందాలూ దీనికి దోహదం చేశాయి, సౌందర్యపరంగా లాభమూ జరిగింది. కాని పురుషుడు స్త్రీ వేషం కట్టిన రోజుల్లో సత్యభామకు నోరు ఉండేదనీ, స్త్రీ స్వయంగా ఆ వేషం కట్టే నాటికి ఆ నోరు పక్కవాద్యాల వరుసలోకి వెళ్లిపోయిందనీ ఒప్పుకోక తప్పదు. సభలో మాట నీది కాదు, మగ్గం నీది అన్న టెలిమాకస్ ఆజ్ఞ, ఎవరి దురుద్దేశమూ లేకుండానే, ఇక్కడ మరో రూపంలో అమలైంది. శరీరానికి చోటిచ్చి మాటను తీసుకోవడం సగం న్యాయమే.

మిగతా సగం ఎక్కడ దొరుకుతుందో కూచిపూడి సంప్రదాయమే చూపుతుంది. భాగవతుల రామయ్య రచనగా ప్రసిద్ధమైన గొల్లకలాపంలో ప్రధాన పాత్ర రాణి కాదు, దేవుడి భార్య కాదు. పాడి అమ్ముకునే గొల్ల స్త్రీ. ఆమె ఎదురుపడిన బ్రాహ్మణుడితో వాదానికి దిగి, బ్రాహ్మణత్వం పుట్టుకతో వస్తుందా జ్ఞానంతో వస్తుందా అని నిలదీస్తుంది. యజ్ఞమంటే ఏమిటో చెబుతుంది. తల్లి గర్భంలో పిండం నెలనెలా ఎలా పెరుగుతుందో వివరించే పిండోత్పత్తి ప్రకరణంలో, అందరూ ఒకే దారిన వచ్చినవారేనని నిరూపిస్తుంది. ప్లేటో నిషేధించిన స్త్రీ వేషాల్లో చివర నిలిచిన ప్రసవ విషయాన్నే ఈ గొల్లభామ తత్త్వశాస్త్రానికి ఆధారం చేసుకుంది. ఇందులో ప్రియుడు లేడు, విరహం లేదు, లొంగుబాటు లేదు. స్త్రీ జీవాత్మకు సంకేతంగా నిలబడదు, జీవాత్మను గురించి తానే మాట్లాడుతుంది. హోమర్‌లో ఇటువంటి స్త్రీ లేదు. ప్లేటో సంభాషణల్లో ‘సింపోజియం’లోని డియొటిమా ఒక్కతే ఆమెకు దగ్గరగా వస్తుంది, ఆమె మాటలను కూడా సోక్రటీస్ నోటనే వింటాం. తెలుగు నేల మీద ఇలాంటి పాత్ర ఉండి కూడా, వాచికం మీద ఆధారపడినదన్న కారణంతో, ఎక్కువ మాట, తక్కువ ఆట ఉన్నదన్న కారణంతో గొల్లకలాపం ప్రదర్శనల్లో వెనుకబడిపోయింది.

కూచిపూడి గురువులు, సంస్థలు, విశ్వవిద్యాలయాల నృత్యశాఖలు ఇప్పుడు చేయవలసిన పని స్పష్టంగా ఉంది. సత్యభామ వేషాన్ని పురుషులు కట్టే సంప్రదాయాన్ని అంతరించిపోనివ్వకూడదు. అదే సమయంలో ఆడపిల్లలకు అడుగులతో పాటు వాచికాన్నీ, పద్యం పలకడాన్నీ, ఎదుటివారితో వాదం నడపడాన్నీ తప్పనిసరి పాఠంగా నేర్పాలి. గొల్లకలాపాన్ని పది నిమిషాల అంశంగా కుదించకుండా, పిండోత్పత్తి ప్రకరణంతో సహా పూర్తిగా, స్త్రీలే మాట్లాడి పాడేలా రంగం మీదికి తేవాలి. ఆ కలాపాన్ని కళావంతుల ఇళ్లలో నిలబెట్టిన స్త్రీల పేర్లను కూడా పాఠ్యగ్రంథాల్లో వంశపారంపర్య గురువుల పేర్ల పక్కన చేర్చాలి.